కెమెరా ఎంత ఎత్తులో ఉంది?

పిల్లలూ, ఈసారి పాఠం నా తప్పుతో మొదలుపెడతాను.

పోయిన సంవత్సరం మెల్‌బోర్న్‌లో మా శనివారం తెలుగు క్లాసులో పెద్ద పిల్లలకి ఒక పని ఇచ్చాను. "ఇంట్లో అమ్మమ్మో, నానమ్మో, తాతయ్యో ఉంటారు కదా. వాళ్ళని మూడు నిమిషాలు ఫోన్‌లో వీడియో తియ్యండి. వాళ్ళు తెలుగులో మాట్లాడాలి. అదే మీ డాక్యుమెంటరీ" అన్నాను. అంతకన్నా ఏమీ చెప్పలేదు. ఎలా తియ్యాలో చెప్పలేదు, ఎవరిని అడిగి తియ్యాలో అసలే చెప్పలేదు.

ఒకబ్బాయి వాళ్ళ నానమ్మని సూపర్‌మార్కెట్‌లో తీసి తెచ్చాడు. సెల్ఫ్ చెకౌట్ మెషీన్ ముందు ఆవిడ నిలబడి ఉంది. మెషీన్ ఇంగ్లీషులో ఏదో అంటోంది. ఆవిడ దానికి తెలుగులో జవాబు చెప్తోంది. "ఉండమ్మా, పెడుతున్నాను కదా, ఎందుకంత తొందర?" అంటోంది. క్లాసంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఆవిడ అదే గదిలో, వెనక వరసలో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉందని నాకు కాసేపటికి గానీ తెలియలేదు. మనవణ్ణి ఇంటికి తీసుకెళ్ళడానికి కొడుకుతో కలిసి కొంచెం ముందుగా వచ్చిందట. కొంగు సర్దుకుని, ఎవరివైపూ చూడకుండా లేచి, బయటికి వెళ్ళి కారు పక్కన నిలబడింది.

ఆ అబ్బాయి చెడ్డవాడేమీ కాదు. వాడికి నానమ్మంటే ప్రాణం. వీడియోలో ఒక్క అబద్ధం కూడా లేదు, అందులో ఉన్నదంతా నిజంగా జరిగిందే. మరి నిజమే చూపిస్తే ఆవిడకి అవమానం ఎందుకైంది? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు.

జవాబు నాకు ఆస్ట్రేలియాలో దొరకలేదు, తెలంగాణలో దొరికింది. సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాద్ దగ్గర, పస్తాపూర్ అనే ఊరుంది. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ ఉంది. చుట్టుపక్కల ఊళ్ళలో కొద్దికొద్దిగా పొలం ఉన్న ఆడవాళ్ళు, ఎక్కువమంది దళితులు, 'సంఘం' అనే పేరుతో కలిసి పనిచేస్తారు. జొన్నలు, కొర్రలు, కందులు పండిస్తారు. వాళ్ళలో కొంతమంది వీడియో కెమెరా నేర్చుకున్నారు. చాలామందికి చదవడం, రాయడం రాదు. అయినా సినిమాలు తీశారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ అని తమదే ఒక సంస్థ పెట్టుకున్నారు.

కెమెరా నేర్పేటప్పుడు లో యాంగిల్, హై యాంగిల్ అని చెప్తారు కదా. ఈ ఆడవాళ్ళు వాటికి తమ సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసే షాట్‌ని 'పటేల్ షాట్' అన్నారు. (పటేల్ అంటే ఇక్కడ ఇంటిపేరు కాదు. మీ స్కూల్లో ఉండే గుజరాతీ ఫ్రెండుకీ దీనికీ ఏ సంబంధం లేదు. తెలంగాణ పల్లెల్లో పటేల్ అంటే ఊరి పెద్ద, భూములున్న ఆసామి.) పటేల్ ఎప్పుడూ పైన కూర్చుంటాడు, మిగతావాళ్ళని కిందికి చూస్తాడు. కిందనుంచి పైకి చూసే షాట్ బానిస చూపు అన్నారు. ఇక కంటికి కన్ను సమానంగా ఉండే షాట్‌కి పెట్టిన పేరు 'సంఘం షాట్'. సంఘంలో అందరూ నేలమీద ఒకేలా కూర్చుంటారు, ఎవరూ ఎక్కువ కాదు, ఎవరూ తక్కువ కాదు.

సినిమా గురించి నేను చదివిన లావుపాటి పుస్తకాలన్నీ కలిపి కూడా నాకు ఇంత సూటిగా ఈ విషయం చెప్పలేదు.

మా క్లాసు వీడియో మళ్ళీ పెట్టుకుని చూశాను. అబ్బాయి ఆరడుగులు, నానమ్మ ఐదడుగులు కూడా ఉండదు. ఫోన్ అతని కళ్ళ ఎత్తులో ఉంది. మూడు నిమిషాలూ ఆవిడ నడినెత్తి, తెల్లజుట్టు, వణికే చేతులు. పూర్తిగా పటేల్ షాట్. ఆవిడ ఏమనుకుంటోందో మనల్ని వినమనే చోటు అందులో ఒక్కటీ లేదు. ఆవిడ మనకి చూడ్డానికి దొరికిన వస్తువు, అంతే.

ఇక్కడ నేను చెప్పదలచుకున్నది ఇదీ. డాక్యుమెంటరీ న్యాయానికి పనికొచ్చే పనిముట్టు అని అందరూ అంటారు. నేనూ ఒప్పుకుంటాను. కానీ నిజం చూపించినంత మాత్రాన అది న్యాయం చేసినట్టు కాదు. ఎవరి గురించి తీస్తున్నామో వాళ్ళకి ఆ సినిమా మీద మాట చెల్లాలి. లేకపోతే మంచి ఉద్దేశంతో తీసినా అది పటేల్ షాటే.

పస్తాపూర్ ఆడవాళ్ళు ఏం తీశారో ఒకటి చెప్పి ముందుకు పోతాను. 2002లో భారతదేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. పత్తికాయని తొలిచే పురుగు చచ్చేలా విత్తనాన్నే లాబ్‌లో మార్చారు. విత్తనం ఖరీదు చాలా ఎక్కువ. వరంగల్ ప్రాంతంలో ఆ పత్తి వేసిన రైతుల దగ్గరికి ఈ ఆడవాళ్ళు పంటకాలం పొడుగునా మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. ఒక్కసారి వెళ్ళి, ఏడుస్తున్న రైతుని తీసి, వచ్చెయ్యలేదు. విత్తినప్పుడు ఆశతో ఉన్న మనిషి కోతప్పుడు ఎలా ఉన్నాడో కూడా చూశారు. రైతులు కూడా వీళ్ళతో మనసు విప్పి మాట్లాడారు. ఎందుకు మాట్లాడరు? అడిగేది కూడా రైతులే కదా. 2003లో ఆ సినిమా వచ్చింది. 2005లో, ఆంధ్రప్రదేశ్‌లో మూడు రకాల బీటీ పత్తికి అనుమతి పొడిగించడానికి కేంద్ర కమిటీ ఒప్పుకోలేదు. అప్పటికి తెలంగాణ కూడా ఆంధ్రప్రదేశ్‌లోనే ఉండేది. ఇదంతా ఒక్క సినిమా వల్ల జరిగిందని నేను అనను. రైతులు రోడ్డెక్కారు, శాస్త్రవేత్తలు పొలాల్లో లెక్కలు తీశారు, అన్నీ కలిశాయి. తర్వాత వేరే రకాల బీటీ పత్తి వచ్చి దేశమంతా పరుచుకుంది కూడా. అయినా ఆ ఏడాది వరంగల్‌లో ఏం జరిగిందో పంట పోగొట్టుకున్నవాళ్ళ మాటల్లోనే మిగిలింది. దాన్నే తెలుగులో సాక్ష్యం అంటాం. చూసినవాడు సాక్షి, చూసినవాడు చెప్పేది సాక్ష్యం. (అవును, మీ తాతయ్య ఫోన్లో చదివే పేపర్ పేరు కూడా అదే.)

ఇప్పుడు మీరు పుట్టిన దేశానికి వద్దాం.

ఆస్ట్రేలియా నడిబొడ్డున, ఎర్రమట్టి నేలలో, ఆలిస్ స్ప్రింగ్స్ ఉంది. అక్కడి ఆదివాసులు అరండ ప్రజలు. ఇంగ్లీషు స్పెల్లింగులో అక్షరాలు చాలా ఉంటాయి కానీ పలికేటప్పుడు దాదాపు అరండ అనే వినిపిస్తుంది. వాళ్ళ భాషలో ఆ ఊరి పేరు ఎంబాంట్వ. 1901లో, అంటే ఆస్ట్రేలియా ఒక దేశంగా ఏర్పడిన ఏడాదే, ఇద్దరు మనుషులు కెమెరా పట్టుకుని అక్కడికి వెళ్ళారు. ఒకరు మెల్‌బోర్న్ యూనివర్సిటీలో బయాలజీ ప్రొఫెసర్ బాల్డ్విన్ స్పెన్సర్. రెండోవారు ఆలిస్ స్ప్రింగ్స్ టెలిగ్రాఫ్ స్టేషన్‌లో ఏళ్ళ తరబడి పనిచేసిన ఫ్రాంక్ గిల్లెన్. అరండ ప్రజల పూజలు, నృత్యాలు సినిమా తీశారు. మైనపు గొట్టాల మీద పాటలు రికార్డు చేశారు. తర్వాత మెల్‌బోర్న్‌లో జనాన్ని పోగుచేసి చూపించారు.

వాళ్ళు ఆ ప్రజలంటే పడనివాళ్ళు కాదు. గిల్లెన్ వాళ్ళతో స్నేహంగా ఉన్నవాడే. కానీ ఆ పూజల్లో కొన్ని బయటివాళ్ళు చూడకూడనివి. మన గుళ్ళో గర్భగుడిలోకి కెమెరా తీసుకెళ్ళి, లోపల తీసింది ఊళ్ళో హాల్లో టికెట్టు పెట్టి చూపిస్తే ఎలా ఉంటుంది? అలాంటిదే. ఈ రోజున మ్యూజియంలో ఆ రీళ్ళలో చాలావాటిని ఎవరు పడితే వాళ్ళు చూడ్డానికి వీల్లేదు. ఇక్కడి టీవీలో కొన్ని కార్యక్రమాలకి ముందు ఒక హెచ్చరిక వస్తుంది, మీరు చూసే ఉంటారు. చనిపోయిన ఆదివాసుల బొమ్మలు, గొంతులు ఇందులో ఉండొచ్చు అని. అది వస్తున్నప్పుడు మా ఇంట్లో మేము పాప్‌కార్న్ కోసం లేచేవాళ్ళం. ఇప్పుడు లేవడం లేదు.

అదే ఆలిస్ స్ప్రింగ్స్‌లో, అదే అరండ ప్రజల మధ్య, నూటపద్దెనిమిదేళ్ళ తర్వాత ఇంకో సినిమా వచ్చింది. 2019, పేరు 'ఇన్ మై బ్లడ్ ఇట్ రన్స్'. దర్శకురాలు మాయా న్యూవెల్. సినిమా మొత్తం డుజువాన్ హూసన్ అనే పదేళ్ళ అబ్బాయి గురించి.

డుజువాన్‌కి మూడు భాషలొచ్చు. వేటాడగలడు. వాళ్ళ కుటుంబంలో పెద్దల నుంచి వచ్చిన వైద్యం చెయ్యగల శక్తి అతనికి ఉందని ఇంట్లోవాళ్ళు నమ్ముతారు. ఇంట్లో ఇంత తెలివైన పిల్లవాడు స్కూల్లో మాత్రం ఫెయిలవుతున్నాడు. క్లాసులో టీచరు కెప్టెన్ కుక్ గురించి చదివి వినిపిస్తుంటే డుజువాన్ మొహం చూడాలి. ఇంట్లో అమ్మమ్మ చెప్పే చరిత్ర వేరు, ఇక్కడ వినే చరిత్ర వేరు. అతనికి వచ్చిన మూడు భాషల్లో రెండింటికి ఆ గదిలో విలువే లేదు.

ఇది చదువుతుంటే మీలో కొందరికి ఏదో గుర్తొస్తుందేమో. లంచ్ బాక్సు తెరిచి చటుక్కున మూసేసిన రోజు, గేటు దగ్గర నానమ్మ తెలుగులో గట్టిగా పిలిస్తే వినిపించనట్టు నడిచిన రోజు. కానీ ఒక్క నిమిషం ఆగండి, మన కథా డుజువాన్ కథా ఒకటి కాదు. మన అమ్మానాన్నలు విమానమెక్కి ఇష్టపడి ఇక్కడికి వచ్చారు. అతని పూర్వీకులు వేల ఏళ్ళుగా ఉన్న నేలమీదే అతని భాష పరాయిదైంది. మనం స్కూలు ఎగ్గొడితే ఇంటికి ఫోనొస్తుంది. డుజువాన్ విషయంలో పోలీసులు, పిల్లల్ని ఇంటినుంచి తీసుకెళ్ళే అధికారం ఉన్న ఆఫీసువాళ్ళు కనిపెట్టుకుని ఉన్నారు. అప్పట్లో ఆస్ట్రేలియాలో అన్ని రాష్ట్రాల్లోనూ పదేళ్ళ పిల్లవాణ్ణి అరెస్టు చెయ్యొచ్చు. పదేళ్ళంటే ఇయర్ ఫోర్, ఇయర్ ఫైవ్. మీ తమ్ముడో చెల్లో ఆ వయసువాళ్ళయితే ఒకసారి వాళ్ళవైపు చూడండి.

ఈ సినిమాలో నాకు అన్నిటికన్నా నచ్చింది చివర్లో వచ్చే పేర్లు. డుజువాన్, వాళ్ళమ్మ, వాళ్ళ నాన్న, అమ్మమ్మ, వీళ్ళందరి పేర్లూ దర్శకురాలితో కలిసి దర్శకత్వం చేసినవాళ్ళుగా వేశారు. ఏదో కృతజ్ఞతలని ఒక మూల వెయ్యలేదు. సినిమాకి అరండ పెద్దలు సలహాదారులుగా ఉన్నారు. మాయా న్యూవెల్ కూడా ఒక్క నెలలో వచ్చి తీసుకుపోయిన మనిషి కాదు, ఆ ఊళ్ళో వాళ్ళతో ఏళ్ళ తరబడి పనిచేసింది. పస్తాపూర్ ఆడవాళ్ళు చూస్తే దీన్ని సంఘం షాట్ అంటారనే నా నమ్మకం.

2019 సెప్టెంబరులో డుజువాన్ జెనీవా వెళ్ళాడు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలిలో మాట్లాడాడు. అప్పటికి పన్నెండేళ్ళు. పదేళ్ళ పిల్లల్ని జైల్లో పెట్టడం ఆపమన్నాడు. మా స్కూళ్ళు మావాళ్ళు నడపాలి, మా భాష మాకు నేర్పాలి అన్నాడు. వాళ్ళ ప్రభుత్వం వినడం లేదు కాబట్టి ఇంత దూరం వచ్చానన్నాడు. మానవ హక్కులు అంటే పెద్ద మాటలా ఉంటుంది. హక్కు అంటే ఎవరూ దయతలచి ఇవ్వక్కర్లేనిది, అడిగి తీసుకోగలిగింది. డుజువాన్ అడిగింది అదే.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది గట్టిదే. మా క్లాసులో ఒకమ్మాయి లేవనెత్తింది. "పదేళ్ళప్పుడు సరే అన్నాడు. ఇరవై ఏళ్ళప్పుడు ఎందుకు ఒప్పుకున్నానురా అనుకుంటే? సినిమా అప్పటికే ప్రపంచమంతా చూసేసింది కదా, టీచర్?" నిజమే. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఇంట్లోవాళ్ళు పక్కన ఉండటం, తీసింది ముందుగా వాళ్ళే చూసుకోవడం, వద్దంటే తీసెయ్యడం, ఇవి కొంత కాపాడతాయి. పూర్తిగా కాదు. అయినా తియ్యకుండా ఉంటే ఏమయ్యేది? అలాంటి పిల్లల గురించి పోలీసు కాగితాలు మాత్రమే మిగిలేవి. ఆ కాగితాలు రాసేటప్పుడు డుజువాన్‌ని ఎవరు అడిగారు?

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే నన్ను తప్పుగా అర్థం చేసుకుంటారు. ప్రతి ఒక్కరినీ అడిగే తియ్యాలని నేను అనడం లేదు. 2016 జూలై 25న ఏబీసీ టీవీలో 'ఫోర్ కార్నర్స్' కార్యక్రమం డార్విన్‌లోని డాన్ డేల్ అనే పిల్లల జైలు లోపలి దృశ్యాలు చూపించింది. ఆలిస్ స్ప్రింగ్స్ జైల్లో ఒక కుర్రాడికి ముఖం మీద ముసుగు వేసి కుర్చీకి కట్టేసిన దృశ్యం కూడా అందులో ఉంది. ఆ దృశ్యాలు జైలు కెమెరాలే తీసినవి. చూపించడానికి జైలువాళ్ళని బతిమాలి ఒప్పించాలా? అక్కర్లేదు. పటేల్ చేసే పనిని చూపించడానికి పటేల్‌ని అడగక్కర్లేదు. అడగాల్సింది కుర్చీలో ఉన్నవాణ్ణి. మర్నాడే ప్రధానమంత్రి మాల్కమ్ టర్న్‌బుల్ రాయల్ కమిషన్ వేస్తామని చెప్పారు. 2017లో ఆ కమిషన్ డాన్ డేల్ మూసెయ్యమంది, పిల్లల్ని నేరస్థులుగా చూసే వయసు పది నుంచి పన్నెండుకి పెంచమంది. డుజువాన్ సినిమాలో ఆ జైలు వార్తలు అతని ఇంట్లో టీవీలో వస్తాయి. తనలాంటి పిల్లల్ని ఏం చేస్తారో ఆ పిల్లవాడు సోఫాలో కూర్చుని చూస్తున్నాడు. సినిమా మొత్తంలో నేను సరిగ్గా చూడలేకపోయింది ఆ ఒక్క చోటే.

మరి చివరికి గెలిచారా? చూడండి. నార్తర్న్ టెరిటరీ 2023లో వయసు పన్నెండుకి పెంచింది. 2024లో ప్రభుత్వం మారింది, మళ్ళీ పదికి దించింది. క్యాన్‌బెర్రా ఉన్న ఏసీటీలో మాత్రం 2025 జూలై నుంచి పద్నాలుగు. అంటే ఒకే పని చేసిన ఒకే వయసు పిల్లవాడు ఒక చోట అరెస్టవుతాడు, ఇంకో చోట అవ్వడు. సినిమా చూసి ఏడ్చినవాళ్ళు ఓటు వేసేటప్పుడు మర్చిపోవచ్చు. సినిమాకి చట్టం మార్చే శక్తి ఉందని మీకు ఎవరైనా చెప్తే పూర్తిగా నమ్మకండి. చట్టం మార్చేది మనుషులు, మళ్ళీ వెనక్కి మార్చేది కూడా మనుషులే. సినిమా చెయ్యగలిగింది ఒకటుంది. మాకు తెలియదు అనే మాట ఎవరి నోటా రాకుండా చెయ్యగలదు.

ఇంతకీ ఆ నానమ్మ సంగతి.

వాళ్ళింటికి వెళ్ళి క్షమాపణ చెప్పాను. ఆవిడ టీ ఇచ్చి, ఆ విషయం తప్ప అన్నీ మాట్లాడింది. వారం తర్వాత మనవడు అడిగాడట, ఆ వీడియో డిలీట్ చెయ్యనా నానమ్మా అని. ఆవిడ వద్దంది. "అది ఉంచు నాన్నా. దాని తర్వాత నేను చెప్పేది కూడా పెట్టు" అందట.

అతను ఫోన్‌ని డైనింగ్ టేబుల్ మీద, బియ్యం డబ్బాకి ఆనించి పెట్టాడు. ఆవిడ ముఖం ఎదురుగా. ఆవిడ తెనాలిలో ఇరవై రెండేళ్ళు కిరాణా కొట్టు నడిపిందని మాలో ఎవరికీ తెలియదు. మనవడికి కూడా సగమే తెలుసు. పావుకిలో కందిపప్పు, సోలెడు నూనె, అరువు ఖాతాలు, అన్నీ నోటిలెక్క. ఎవరింట్లో జబ్బుగా ఉందో, ఎవరి కొడుక్కి ఉద్యోగం వచ్చిందో కొట్టుకి వచ్చే సరుకుల చీటీ చూసి చెప్పేసేదట. "అక్కడ మనిషి వస్తే ముందు కూర్చోమనేదాన్ని. ఇక్కడ మెషీన్ నన్ను సంచి సరిగ్గా పెట్టమంటుంది. మనిషి లేని కొట్టు ఏం కొట్టురా?" అంది. అప్పుడు కూడా క్లాసు నవ్వింది. ఈసారి ఆవిడతో కలిసి.

మొత్తం నాలుగున్నర నిమిషాలొచ్చింది. నేను మూడే అన్నాను కదా, ఎక్కడ కొయ్యమంటారని అబ్బాయి నన్నడిగాడు. నన్ను కాదు, వెళ్ళి నానమ్మని అడగమన్నాను. ఆవిడ రెండుసార్లు చూసి ఒక్క చోట కొయ్యమందట, తను దగ్గిన చోట.